ఎదుగుదలలో జాప్యం - బిడ్డకూ, కుటుంబానికీ సమగ్ర చేయూత

ఆరు నెలలు దాటినా మెడ నిలపని బిడ్డను, రెండేళ్లు నిండినా మాట పలుకని బిడ్డను చూచి ఇంటి పెద్దలు సాధారణంగా చెప్పే మాట ఒకటి కలదు. "వాళ్ల నాన్నకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి, కంగారు పడవద్దు" అన్నదే ఆ మాట. కొన్ని సందర్భాలలో అది నిజమే కావచ్చు. నిజం కాని పక్షంలో మాత్రం తిరిగి రాని కాలం చేజారిపోతుంది. మెదడు అత్యంత వేగంగా వికసించేది జీవితపు తొలి సంవత్సరాలలోనే. ఆ దశలో అందిన శిక్షణ ఇచ్చే ఫలితం ఆ తరువాత అందిన శిక్షణకు రావడం కష్టం.

గమనించవలసిన గుర్తులు

బిడ్డ రెండు నెలలకు తల్లి ముఖం చూచి నవ్వాలి. నాలుగైదు నెలలకు మెడ నిలపాలి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. 18 నెలలకు నడవాలి. రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకాలి. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల విషయంలో రెండేళ్ల వరకు వయస్సును కాన్పు కావలసిన తేదీ నుండి లెక్కించాలి. వచ్చిన మాటలు, నేర్చిన పనులు మరచిపోతున్న బిడ్డను ఏ వయస్సులోనైనా వెంటనే వైద్యునికి చూపించాలి.

తక్కువ బరువుతో పుట్టడం, పుట్టిన వెంటనే ఏడవకపోవడం, తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడుకు సోకే వ్యాధులు జాప్యానికి ముఖ్య కారణాలు. మేనరికపు వివాహాలలో కొన్ని జన్యు లోపాలు సంక్రమించే అవకాశం అధికం. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపాన్ని తొలి వారాలలోనే గుర్తించి మందులు వాడిన యెడల బుద్ధిమాంద్యాన్ని నివారించవచ్చును. మాటలు రాని ప్రతి బిడ్డకు తొలుత వినికిడి పరీక్ష చేయించడం తప్పనిసరి. వినబడని మాటను బిడ్డ పలుకలేదు.

ఇంటి ముంగిటికే పరీక్షలు

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన నాటి నుండి 18 సంవత్సరాల వరకు పిల్లలకు ఉచితంగా ఆరోగ్య పరీక్షలు నిర్వహిస్తారు. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, బాల్య వ్యాధులు, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగు అంశాలను ఇందులో పరిశీలిస్తారు. ఆరు వారాల లోపు శిశువులను ఆశా కార్యకర్తలు ఇంటి వద్దనే చూస్తారు. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ కేంద్రాలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలను ఏడాదికి ఒకసారి సందర్శించవలసి ఉంటుంది.

లోపం ఉన్నట్లు అనుమానించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ప్రజలు డైక్ సెంటర్ అని పిలిచే ఈ కేంద్రాలలో పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, మనస్తత్వ నిపుణుడు, వినికిడి - మాటల నిపుణుడు, ప్రత్యేక ఉపాధ్యాయుడు ఒకే చోట సేవలందించాలన్నది ఉద్దేశం. ఇక్కడ చికిత్స ప్రారంభించడానికి వైకల్య ధృవీకరణ పత్రం కోసం వేచి ఉండనవసరం లేదు.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ మేధో వైకల్యం గల వారికి సేవలతో పాటు నిపుణులకు శిక్షణ కూడా అందిస్తున్నది. 2021లో ఇక్కడ సత్వర చికిత్సా కేంద్రం ప్రారంభమైనది.

తల్లిదండ్రులే తొలి గురువులు

వారానికి ఒకటి రెండు గంటల చికిత్స మాత్రమే చాలదు. స్నానం చేయించేటప్పుడు శరీర భాగాల పేర్లు చెప్పడం, అన్నం ముద్దను తానే తీసుకొనేలా ప్రోత్సహించడం, వస్తువును అడిగే వరకు కొద్ది క్షణాలు ఆగడం వంటివి ఇంట్లో నిత్యం సాగవలసిన సాధన. అందుకే నిపుణులు బిడ్డతో పాటు తల్లికి, తండ్రికి కూడా శిక్షణ ఇస్తారు.

బిడ్డ లోపానికి తల్లిని నిందించడం అన్యాయమే గాక చికిత్సకు ఆటంకం కూడా. కూలి మానుకొని, బస్సు మారి కేంద్రానికి వచ్చే తల్లికి ఇంటిలోని వారి తోడ్పాటు లేనిచో చికిత్స మధ్యలోనే ఆగిపోతుంది. తోబుట్టువులకు కూడా పరిస్థితిని అర్థమయ్యే విధంగా వివరించాలి.

చదువు, చట్టరక్షణ

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం గల బాలబాలికలకు 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్య హక్కుగా లభిస్తుంది. తెలుగు రాష్ట్రాలలో మండల స్థాయి భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు శిక్షణ ఇస్తున్నవి. మంచం దిగలేని పిల్లలకు ఇంటి వద్దనే బోధన జరిపే ఏర్పాటు కలదు.

"మా తరువాత ఈ బిడ్డకు దిక్కెవరు?" అన్నది ప్రతి తల్లిదండ్రినీ వేధించే ప్రశ్న. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 దీనికి ఒక మార్గం చూపింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం గల వారికి 18 సంవత్సరాలు నిండిన తరువాత జిల్లా స్థాయి కమిటీ ద్వారా చట్టబద్ధ సంరక్షకుని నియమించుకోవచ్చును. ఇదే ట్రస్ట్ నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తున్నది.

బిడ్డ ఎదుగుదలపై సందేహం కలిగిన తల్లిదండ్రులు తమ గ్రామంలోని ఆశా కార్యకర్తను గాని, అంగన్‌వాడీ కార్యకర్తను గాని, ఏ.ఎన్.ఎం.ను గాని వెంటనే సంప్రదించాలి. సందేహం తప్పని తేలితే సంతోషమే. నిజమని తేలితే, ఆ రోజు నుండే చికిత్స మొదలవుతుంది.