ఆరేడు సెకన్ల డ్రమ్ము, మా ఊరి డప్పు: బ్రేక్‌కోర్ కథలో పేరు లేనిది ఎవరికి?

ఇవాళ బ్రేక్‌కోర్ గురించి మాట్లాడుకుందాం. చాలా రోజుల నుంచి చేద్దామనుకుంటున్న ఎపిసోడ్ ఇది. కానీ మొదలుపెట్టే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి.

పోయినేడు బోనకల్‌లో మా చుట్టాల పెళ్లి. బరాత్‌లో డీజే బాక్సులు పెట్టారు, ముందు డప్పులోళ్లు కూడా నడుస్తున్నారు. మధ్యలో జనరేటర్ ఆగిపోయింది. డీజే బంద్. డప్పులు మాత్రం ఆగలేదు. ఆ కాసేపట్లో ఒక పెద్దాయన ఒక్కడే కొట్టిన దరువును ఫోన్‌లో రికార్డు చేసిన. నలభై సెకన్లు. హైదరాబాద్ వచ్చినంక ల్యాప్‌టాప్‌లో వేసి, ముక్కలు ముక్కలు కోసి, 180 బీపీఎంకి ఉరికించి, కింద బేస్ పెట్టి అప్‌లోడ్ చేసిన. నా చానల్‌లో అన్నిటికన్నా ఎక్కువ మంది చూసింది అదే.

అమ్మకు చూపిస్తే ఒకటే అడిగింది. "ఆ డప్పు ఎవరిదిరా?"

"నాదే అమ్మా, నేనే చేసిన."

"నువ్వు డప్పు ఎప్పుడు నేర్చినవ్‌రా?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది ఏంటంటే, బ్రేక్‌కోర్ చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతది.

సరే, కథలోకి పోదాం. 1969. అమెరికాలో ద విన్‌స్టన్స్ అని ఒక బ్యాండ్. వాళ్ల 'కలర్ హిమ్ ఫాదర్' పాట పెద్ద హిట్టయింది, గ్రామీ కూడా వచ్చింది. అప్పట్లో రికార్డుకి రెండు వైపులుండేవి కదా, రెండో వైపు నింపడానికి 'ఆమెన్, బ్రదర్' అని ఒక వాయిద్యాల ట్రాక్ పెట్టారు. అందులో ఒకచోట అందరూ ఆగిపోతారు. డ్రమ్మర్ గ్రెగరీ కోల్మన్ ఒక్కడే వాయిస్తాడు. నాలుగు ఆవర్తాలు, ఆరేడు సెకన్లు. అంతే.

దాన్నే ఇప్పుడు ఆమెన్ బ్రేక్ అంటారు. 1986లో 'అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్' అనే డీజేల రికార్డులో ఆ పాట మళ్లీ బయటికొచ్చింది. 1988లో ఎన్‌డబ్ల్యూఏ వాళ్ల 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' పాటలో అదే డ్రమ్ము. 90ల మొదట్లో ఇంగ్లండ్ కుర్రాళ్లు శాంప్లర్ మెషీన్లో వేసి స్పీడు పెంచితే జంగిల్ పుట్టింది. అసలు వేగం నిమిషానికి 136 బీట్ల చుట్టూ, జంగిల్‌లో 160, 170. 1994లో బెర్లిన్ వాడు అలెక్ ఎంపైర్ 'డిజిటల్ హార్డ్‌కోర్ రికార్డింగ్స్' మొదలుపెట్టి దానికి పంక్ గిటారు, అరుపులు కలిపాడు. ఇంకోపక్క నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌లో గాబర్ నడుస్తోంది. రోలాండ్ 909 మెషీన్ కిక్‌ని స్పీకర్ చిరిగిపోయినట్టు వినిపించే దాకా పెంచి కొట్టడమే దాని పని. ఇవన్నీ కలిసి 90ల రెండో సగంలో బ్రేక్‌కోర్ అయింది.

ఇక్కడ నా ఒపీనియన్ చెప్తా, తిట్టేవాళ్లు తిట్టండి. ఈ జానర్‌లో ఒక్క ఆల్బమే వినే టైముంటే 2005లో వచ్చిన వెనీషియన్ స్నేర్స్ ఆల్బమ్ వినండి. చేసింది కెనడా వాడు, పేరు మాత్రం హంగేరియన్‌లో పెట్టాడు. దుష్ట నక్షత్రంలో పుట్టినవాడు అని దాని అర్థం. వయొలిన్లు ఏడుస్తుంటే మధ్యలో ఆమెన్ బ్రేక్ వడగళ్లలా పడతది. ఈయన ఎక్కువగా వాడేది ఏడు లెక్క. మనకు కొత్తేం కాదు, కర్ణాటక సంగీతంలో మిశ్ర చాపు కూడా ఏడే. అదే 2014లో వచ్చిన మెషీన్ గర్ల్ 'డబ్ల్యూఎల్ఎఫ్‌జీఆర్ఎల్' మంచి స్పీడుంటది, జిమ్‌కి సూపర్, కానీ నాకు రెండోసారి వినబుద్ధి కాలేదు. ఇప్పుడు రీల్స్‌లో బ్రేక్‌కోర్ అని తిరిగేవాటిలో చాలావరకు అనిమే బొమ్మ, కింద అరిగిపోయిన ఆమెన్ లూపు. కోసినవాడి చేయి అందులో కనపడదు.

సరే, కోల్మన్ సంగతి ఏమైంది? ఆ డ్రమ్ము వేల పాటల్లో ఉంది. ఆయనకు ఒక్క పైసా రాలేదు. 2006లో ఇల్లు కూడా లేని స్థితిలో చనిపోయాడు. పాట హక్కులున్న బ్యాండ్ లీడర్ రిచర్డ్ స్పెన్సర్‌కి 1996 దాకా ఈ వాడకం సంగతే తెలీదు. తెలిసేసరికి కేసు వేసే గడువు దాటిపోయింది. 2015లో ఒక బ్రిటిష్ డీజే జనం దగ్గర చందాలు వసూలు చేసి 24,000 పౌండ్లు స్పెన్సర్‌కి ఇచ్చాడు. అప్పటికి కోల్మన్ పోయి తొమ్మిదేళ్లు.

ఇదంతా ఫారిన్ గోల, మనకేం సంబంధం అంటారా? తీన్‌మార్ తీసుకోండి. తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. హైదరాబాద్ మర్ఫా వాయిద్యంలో అదొక దరువు. మర్ఫాని మనకిచ్చింది నిజాం కాలంలో వచ్చిన ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు. సిద్దీలు నిజాం సైన్యంలో ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్‌గా పనిచేశారు. మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది కదా, ఆ పేరు వాళ్లదే. నేను మూడేళ్లు ఆ రోడ్డు మీదుగా ఆఫీసుకి పోయిన, ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ అనుకునేవాణ్ని. 1948 తర్వాత ఆ దళం పోయింది. దరువు మాత్రం బరాత్‌లలో మిగిలింది.

ఇప్పుడు మన తెలంగాణ డీజే రీమిక్స్ ఏదైనా పెట్టి వినండి. ముప్పై సెకన్లకోసారి "డీజే ఫలానా, ఫ్రం ఫలానా ఊరు" అని ఒక గొంతు అరుస్తది. కలిపినోడి పేరు పాట మధ్యలోనే ఉంటది. డప్పు కొట్టినోళ్ల పేరు ఫైల్‌నేమ్‌లో కూడా ఉండదు. నా వీడియోలోనూ లేదు.

పేరు దక్కినోళ్లూ ఉన్నారు. మా ఖమ్మం దాటి భద్రాచలం అడవి వైపు పోతే, మణుగూరు దగ్గరి కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య. కంచుమేళంతో సమ్మక్క, సారలమ్మల కథలు కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో చనిపోయాడు. చట్టం కూడా ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, వాయించిన మనిషికి తన పేరు వేయమని అడిగే హక్కు ఇచ్చారు. స్టూడియోలో వాయించాలనేం లేదు, బరాత్‌లో వాయించినా కళాకారుడే.

ఇదంతా చదివినంక పోయిన నెల బోనకల్‌లో రైలు దిగి ఆ పెద్దాయన ఇంటికి పోయిన. వీడియో చూపించిన. నవ్విండు. "ఇంత ఉరుకుడేంది బిడ్డా, దీనికి ఎవలు ఎగురుతరు?" అన్నడు. తర్వాత, "మొదటి దెబ్బలు ఎందుకు కోసినవ్? అవి పడితేనే గదా ఎగిరేటోళ్లకు ఏ దరువో తెలిసేది" అన్నడు. నేను వాటిని సైలెన్స్ అనుకొని ట్రిమ్ చేసిన. ఆ రాత్రి డప్పు అంత టంగున మోగడానికి కారణం నా ఫోన్ మైకు అనుకున్న. కాదంట. తోలు బిగుసుకునేదాకా మంట దగ్గర ఎంతసేపు కాపాలో ఆయనకు తెలుసు.

వీడియోకి వచ్చిన డబ్బులో సగం ఇచ్చిన. తీసుకున్నడు. పేరు వేస్తానంటే మాత్రం వద్దన్నడు. "మా పిలగాడు పట్నంల ఉద్యోగం చేస్తుండు. ఆడ ఎవలకు తెల్వది బిడ్డా."

డప్పు కొట్టే చేయి ఏ కులందో అడిగే జనం ఇంకా ఉన్నారు. చావుకి, చాటింపుకి కొన్ని కులాలోళ్లను పిలిచి కొట్టించుకున్న చరిత్ర అది. ఉద్యమ సభల్లో అదే డప్పు గౌరవంగా మోగింది, నిజమే. కానీ ఆఫీసు క్యాంటీన్‌లో ఆయన కొడుక్కి ఆ గౌరవం దొరుకుతదని నేను గ్యారంటీ ఇవ్వలేను.

కోల్మన్‌కి పేరూ రాలేదు, డబ్బూ రాలేదు, ఎవరూ అడగనూ లేదు. పేరు వేయగానే న్యాయం అయిపోయినట్టే అనుకున్న నేను. ఈయన పేరు వద్దంటే నేనేం చెయ్యాలి? పేరు వేయాలా వద్దా అనేది ఆయన ఇష్టం. ముందే పోయి అడగడం, వచ్చిందాంట్లో భాగం ఇవ్వడం మాత్రం నా పని. రెండూ నేను ఆలస్యంగా చేసిన.

కొత్త మిక్స్ చేస్తున్న. ఈసారి ఆయన్ని అడిగి, మొదటి దెబ్బలు కోయకుండా. 180 కాదు, ఆయన చెప్పిన వేగానికే. బ్రేక్‌కోర్ ఫ్యాన్స్ నన్ను తిడతారు, తిట్టనీ. మీ ఫోన్‌లో కూడా ఇట్లాంటి రికార్డింగ్ ఏదో ఒకటి ఉండే ఉంటది. అప్‌లోడ్ కొట్టే ముందు ఒకసారి వాళ్ల ఇంటికి పోయి రండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.