వంటయింటి పొగకు దారి

రాజుల దండయాత్రలకును, కోటల ముట్టడులకును చరిత్ర కలదు గాని పొయ్యిమీది పొగకు చరిత్ర యేమిటని మిత్రులు నవ్వవచ్చును. అయినను మన తల్లుల కన్నులను, ఊపిరితిత్తులను తరతరములుగా తినుచు వచ్చినది ఈ పొగయే. దీనికి శాసనాధారములు దొరకవు. మసిపట్టిన దూలములే ఆధారములు.

గోదావరి ప్రాంతమున మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. వంటయిల్లు ఆగ్నేయమూలన ఉండెడిది. మట్టిపొయ్యి, దాని ప్రక్కన కోడిపొయ్యి, ఒక ఊదుగొట్టము, గోడలో నెత్తికంటె ఎత్తున చిన్న గవాక్షము, ఇంతే సరంజామా. పొగ గదియంతయు నిండిన పిదప పెంకుల సందులనుండి తీరికగా బయటికి పోయెడిది. ఆ పొగలో గుణములు లేకపోలేదు. వాసములకు పురుగు పట్టెడిది కాదు. అటకమీది విత్తనపు కంకులు చెడక నిలిచెడివి. పొగను పూర్తిగా వెళ్లగొట్టవలెనను ఆలోచన పెద్దలకు కలుగకుండుటకు ఇదియు ఒక కారణమై యుండును. కాని ఆ లాభమునకు వెల చెల్లించినది పొయ్యిముందు కూర్చున్న మనిషి. అమ్మమ్మకు అరువది యేండ్లు నిండకమునుపే రెండు కన్నులకును శుక్లములు వచ్చినవి. తెల్లవారుజామున ఆమె దగ్గు వినియే మేము మేల్కొనెడివారము. ఇంటి మగవారెవ్వరును దానిని వ్యాధిగా ఎంచలేదు. వయస్సు అనిరి. వంటపొగకును శుక్లములకును, దీర్ఘకాలపు శ్వాసకోశవ్యాధికిని సంబంధము కలదని వైద్యులు చెప్పుచుండగా ఇప్పుడు వినుచున్నాము.

ఐరోపాలో గోడనంటి కట్టిన పొగగొట్టములు పన్నెండవ శతాబ్దము నాటికే కనబడుచున్నవి గాని సామాన్యుని యింటికి చేరుటకు మరి కొన్ని వందల యేండ్లు పట్టినది. ఇంగ్లండులో 1662 మొదలు 1689 వరకు పొయ్యికింతయని పన్ను వసూలు చేసిరి. పొగగొట్టమున్నంత మాత్రమున పొగ పోవునను నమ్మకము కూడ లేదు. రంఫర్డ్ ప్రభువు 1796లో ప్రకటించిన వ్యాసమున గొట్టపు గొంతుక మితిమీరి వెడల్పగుటయే దోషమని చూపెను. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును. గొట్టమెంత పొడవైనను, లోపలి వేడి ఎంత హెచ్చైనను ఈడ్పు అంత బలముగా నుండును. గొంతుక వెడల్పైనచో చల్లగాలి కలిసి ఆ ఈడ్పు చచ్చును. ఇంతకంటె మర్మము లేదు.

మన దేశమున ఈ సూత్రమును పల్లెపొయ్యికి తెచ్చుటకు స్వాతంత్ర్యము వచ్చువేళ గాని పూనిక కలుగలేదు. వార్ధాలోని మగన్‌వాడిలో 1947లో మగన్ చుల్హా రూపొందెను. తరువాతి ప్రయత్నము మన హైదరాబాదుది. తెలుగువారిలో అనేకులకు ఈ సంగతి తెలియదు గావున కొంత వివరించెదను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టర్ ఎస్. పి. రాజు మట్టితోనే కట్టదగిన పొయ్యి నొకదానిని రూపొందించెను. పరిశోధనాలయపు ఆంగ్లనామములోని పొడి అక్షరములనుబట్టి దానికి హెర్ల్ చుల్హా అని పేరు వచ్చెను. ఒకే మంటపై ఒకటికంటె ఎక్కువ పాత్రలు కాగును. పాత్రలు కన్నములలో బిగువుగా కూర్చుండును. పొగ గొట్టముద్వారా కప్పు దాటిపోవును. మంటను తగ్గించుటకు, హెచ్చించుటకు రేకు బిళ్లలుండును. 1953లో మద్రాసున వెలువడిన తన చిన్న పుస్తకమున ఆయన ఈ పొయ్యివలన పొగ, మసి, వేడి, వ్యర్థవ్యయము, అగ్నిభయము అను ఐదింటినుండి గృహిణికి విముక్తి కలుగునని ప్రతిపాదించెను. ఆనకట్టలు, కాలువలు తప్ప మరియొకటి ఇంజనీరుకు పని కాదనుకొను దినములలో ఒక ఇంజనీరు వంటయింటిలో కూర్చుండి ఆలోచించుట నాకు మిక్కిలి గౌరవాస్పదముగా తోచును.

కాని పొయ్యి కట్టుట వేరు, పొయ్యి నిలుచుట వేరు. మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమము 1980 దశకమున ఆరంభమై 2002 వరకు సాగి మూడు కోట్లకుపైగా పొయ్యిలను పంచినది. వానిలో అనేకము పగిలిపోయెను, లేక మూలబడెను. ఒరిస్సా పల్లెలలో జరిగి 2012లో వెలుగుచూచిన ఒక పరిశోధనలో, కొత్త పొయ్యివలన మొదటి యేడు పీల్చెడు పొగ తగ్గినను అటుపిమ్మట ఆ లాభము కనబడలేదని తేలెను. గొట్టములో మసి తీయువారు లేరు. పగిలిన మట్టిని మెత్తువారు లేరు. దస్త్రములలో పనిచేయు మావంటివారికి ఇది తెలిసిన కథయే: పంపకపు సంఖ్యకు నివేదికలో గడి ఉండును, మరమ్మతుకు ఉండదు.

గ్యాసు బొంబాయికి 1955లోను, ఇండేన్ పేరిట కలకత్తాకు 1965లోను వచ్చినను, 2011 జనగణననాటికి కూడ నూటికి 28 లేక 29 ఇండ్లలోనే అది ప్రధానమైన వంటచెరకు. ఆంధ్రప్రదేశ్‌లో 1999నాటి దీపం పథకము, దేశమంతటికిని 2016నాటి ఉజ్జ్వల యోజన దానిని పేద ఇండ్లకు చేర్చినవి.

గ్యాసు వచ్చినది గదా, ఇక గాలిదారి యెందుకందురా? నీలిమంటయందు మసి లేకున్నను నైట్రోజన్ డయాక్సైడు కలదు. మన పోపులు, వేపుళ్లు ఎగజిమ్ము నూనెపొగ కలదు. మూడు మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల వంటయింట 22.5 ఘనమీటర్ల గాలి యుండును. అది గంటకు 10 మార్లు మారవలెనన్నచో 225 ఘనమీటర్లు బయటికి పోవలెను. జనులు ఫ్యాను కొనునప్పుడు ఈ లెక్క చూచెదరు గాని, అంత గాలియు లోపలికి వచ్చుటకు దారి చూపరు. రాని గాలిని ఏ యంత్రమును పంపజాలదు. వచ్చుదారి క్రిందుగా, పొయ్యికి అవతలివైపున ఉండవలెను. పోవుదారి పొయ్యికి చేరువలో, ఎత్తున ఉండవలెను. ఫ్యాను ప్రక్కనే కిటికీ తెరచినచో అది కిటికీ గాలినే త్రిప్పి పంపుచుండును, పొయ్యిమీది ఆవిరి కదలదు. పొయ్యిపై చిమ్నీ అమర్చువారు దాని మూతి పొయ్యికంటె ఇరుకు కాకుండ, గొట్టమునకు వంపులు హెచ్చు కాకుండ చూచుకొనవలెను. జల్లెడను కడుగనిచో దానిగతి ఒరిస్సా పొయ్యిల గతియే.

ఈ పాండిత్యమంతయు ఉండియు నేను చేసిన పని చెప్పక తప్పదు. ఢిల్లీలో మాకు లభించిన క్వార్టరులో వంటయింటి నంటి చిన్న బాల్కనీ యున్నది. బియ్యపు డబ్బాలకు చోటు చాలదని దానికి నిలువునా అద్దములు బిగింపించితిని. చలికాలము వచ్చుసరికి పోపు ఘాటు పడకగదివరకు వ్యాపించి పిల్లలు తుమ్మసాగిరి. మా యావిడ కన్నులు తుడుచుకొనుచు, "మీ అమ్మమ్మగారి గవాక్షమైనా మనకు లేకపోయెను గదా" అన్నది. ఆ మాట గ్రుచ్చుకొన్నది. మరుసటి ఆదివారము క్రింది వరుస అద్దములు తీయించి, వాని స్థానమున జాలీ పెట్టించి, ఫ్యాను వేసి, ఆ జాలీయొద్ద అగరువత్తి వెలిగించి చూచితిని. పొగ ఒక క్షణము తడబడి, పిదప పొయ్యిమీదుగా నేరుగా ఫ్యానువైపు సాగిపోయెను. ఆనాటి సాయంకాలము ఎండుమిరపకాయల పోపు వేసినను పడకగదిలో ఎవ్వరును తుమ్మలేదు.