గోదావరి లాంచీకి ఏం కావాలి?

కారేపల్లిలో గోదావరి లేదు, రైల్వే జంక్షన్ ఉంది. డోర్నకల్ నుంచి వచ్చే లైను ఇక్కడ రెండుగా చీలి ఒకటి ఇల్లందుకు, రెండోది కొత్తగూడేనికి పోతుంది. కొత్తగూడెం స్టేషన్ బోర్డు మీద మాత్రం ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది. ఆ పేరు చూసి రాముడి గుడి దగ్గరికి వచ్చేశామనుకునే కొత్తవాళ్లకి ఇంకో నలభై కిలోమీటర్ల బస్సు ప్రయాణం మిగిలే ఉంటుంది. రైలు వచ్చింది బొగ్గు కోసం. నది దాకా పోవాల్సిన అవసరం దానికి పడలేదు.

ఈ కథలో 1871 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడే జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. కారేపల్లి పక్కనున్న సింగరేణి అనే ఊరు తర్వాత ఆ కంపెనీకి పేరిచ్చింది. సరిగ్గా అదే ఏడు, ఎగువ గోదావరి జలమార్గం పనుల్ని బ్రిటిష్ ప్రభుత్వం ఆపేసింది.

ఆ పనులు ఆర్థర్ కాటన్ కల. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆయన చూపు పైకి మళ్లింది. నాగపూర్, బేరార్ ప్రాంతాల పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దించాలి, రైలు కన్నా నీటి రవాణా చవక అన్నది ఆయన వాదన. దారిలో మూడుచోట్ల రాతి అడ్డంకులున్నాయి. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వాటిలో మొదటిది. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో అక్కడ ఆనకట్ట కట్టారు, పడవలు పోయే కాలువ తవ్వారు, లాకులు పెట్టారు. ఈలోగా 1867లో రైలు బొంబాయి నుంచి నాగపూర్ చేరింది. పత్తికి వేరే దారి దొరికింది. నాలుగేళ్లకి ఇక్కడి పని ఆగింది.

పడవకి అనువుగా నదిని మార్చాలన్న ప్రయత్నం అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత భద్రాచలం, రాజమండ్రి మధ్య తిరిగిన ప్రతి పడవా, ప్రతి లాంచీ తానే నదికి అనువుగా ఉండాల్సి వచ్చింది. లాంచీలో ఏముండాలి, దాన్నెలా నడపాలి అన్న ప్రశ్నకి జవాబు వెతకాల్సింది ఈ మాటలోనే.

నగరాల్లో పెరిగినవాళ్లకి ఈ లాంచీ సినిమాల్లోంచే తెలుసు. 1973లో ‘అందాల రాముడు’, 2006లో ‘గోదావరి’. రెండిట్లోనూ అది తేలే పెళ్లిపందిరిలా ఉంటుంది. కొండల మధ్య ఊళ్లలో ఉండే కోయలకి, కొండరెడ్లకి మాత్రం లాంచీ అంటే బస్సు. బియ్యం బస్తా, ఉప్పు, ఆస్పత్రికి పోవాల్సిన గర్భిణి, సంతకి పోయే మేక, అన్నీ అందులోనే.

దాన్ని నడిపేవాడు సరంగు. 1917 నాటి ఇన్‌లాండ్ స్టీమ్ వెసల్స్ చట్టం కూడా ఆ మాటే వాడి, సరంగుకీ ఇంజన్ డ్రైవర్‌కీ యోగ్యతా పత్రాలు ఉండాలంది. చట్టం రాయని చదువు ఇంకొకటుంది. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు ఏ మలుపులో ఏ బండ తేలుతుందో, ఇసుక మేట ఈ ఏడు ఎటు జరిగిందో చూసి గుర్తుపెట్టుకోవాలి. వానాకాలంలో అవన్నీ నీటికింద ఉంటాయి. పైన కనిపించే సుడి, నురుగు, ముడతపడ్డ నీరు చూసి కిందేముందో చెప్పగలగాలి.

కొన్ని సూత్రాలు ఏ చిన్న మోటారు పడవకైనా ఒకటే. చుక్కానికి నీటి ఒరిపిడి తగిలితేనే పడవ మాట వింటుంది. దిగువకి పోతూ భయంతో ఇంజన్ మరీ తగ్గిస్తే పడవ ప్రవాహంతో సమానంగా కొట్టుకుపోతుంది, చుక్కాని ఉత్త చెక్క అవుతుంది. ఒడ్డుకి చేరేటప్పుడు ముక్కుని ఎగువకి తిప్పి, ప్రవాహానికి ఎదురుగా మెల్లగా రావాలి. అప్పుడు ఏటి వేగమే బ్రేకు. అన్నిటికన్నా ప్రమాదం పడవ ప్రవాహానికి అడ్డం తిరగడం. లంగరు ఎప్పుడూ ముక్కు నుంచే వెయ్యాలి. వెనకనుంచి వేస్తే వెనకభాగం కిందికి గుంజుకుపోయి నీళ్లు లోపలికొస్తాయి.

లంగరు తాడు లోతుకి కనీసం ఐదింతలు కావాలంటారు. ఇరవై అడుగుల నీటిలో అయితే వంద అడుగుల తాడు. ఇప్పుడు పాపికొండల దగ్గరికి రండి. మైలు పైగా వెడల్పున్న నది అక్కడ కొన్ని వందల గజాలకి కుంచించుకుపోతుంది. పక్కకి పరుచుకోలేని నీరు లోతుకి దిగుతుంది. రెండువందల అడుగుల లోతుంటే వెయ్యి అడుగుల తాడు ఏ లాంచీలో ఉంటుంది? అంటే ఆ ఇరుకులో లంగరు మీద ఆశ పెట్టుకోలేం, ఇంజన్ ఆగకుండా ఉండటమే దిక్కు. అందుకే డీజిల్ ఫిల్టరు, ఇంజన్‌ని చల్లబరిచే నీటి జాలీలో చేరే ఇసుక, అడుగున చేరిన నీటిని తోడే పంపు రోజూ చూసుకోవాలి. పంపు మొరాయిస్తే బకెట్ ఉండాలి. పొడవాటి గడలు, తాళ్లు, మంటలార్పే సిలిండరు చేతికందేచోట ఉండాలి.

పర్యాటకం పెరిగాక లాంచీ మీద అంతస్తు లేచింది. ఏసీ గది వచ్చింది, అద్దాలు, మైకులు, వంటగది వచ్చాయి. ఇవన్నీ ఎక్కేవాళ్ల సుఖానికి. నది లెక్క వేరు. పైన బరువు పెరిగేకొద్దీ పడవ తూలడం ఎక్కువ. ఫోటో కోసం జనమంతా ఒక పక్కకి వస్తే అది ఇంకా ఎక్కువ.

2018 మే 15న కొండమొదలు నుంచి బయల్దేరిన లాంచీ మంటూరు దగ్గర గాలివానకి మునిగింది. జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకున్నారని బయటపడ్డవాళ్లు చెప్పారు. పోయినవాళ్లలో ఎక్కువమంది పనుల మీద బయల్దేరిన గిరిజనులు. మరుసటి ఏడు సెప్టెంబర్ 15న, సుమారు ఐదు లక్షల క్యూసెక్కుల వరద పోతున్న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు తిరగబడింది. యాభై మందికి పైగా పోయారు. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లు, లంగర్లు వేసి గాలించి, అక్టోబర్ 22న ఆ బోటుని పైకి తీసింది.

లైఫ్ జాకెట్ గురించి ఈ రెండు ప్రమాదాలూ చెప్పేది ఒకటుంది. తిరగబడిన పడవలో, మూసిన గదిలో జాకెట్ మనిషిని పైకి తోసి కప్పుకో నేలకో అదిమేస్తుంది, తలుపు వైపు మునిగి ఈదనివ్వదు. కాబట్టి జాకెట్ తొడుక్కోవాలి, తొడుక్కుని తెరిచి ఉన్నచోట కూర్చోవాలి. దొంతరగా పేర్చి తాడుతో కట్టేసిన జాకెట్లు తనిఖీకి తప్ప ఎందుకూ పనికిరావు.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇవి ఒడ్డున ఉన్న ఊళ్ల కోసం పెట్టిన అంకెలు. కొండల ఇరుకులో లాంచీకి ప్రమాదం అంతకంటే చాలాముందే మొదలవుతుంది. ‘ఈ రోజు పోను’ అనే అధికారం సరంగు చేతిలో ఉండాలి. అడ్వాన్సు కట్టిన యాభైమంది రేవులో నిలబడి ఉన్నప్పుడు ఆ మాట అనగలిగితేనే అది అధికారం.

1917 చట్టం స్థానంలో 2021లో కొత్తది వచ్చింది. నది కూడా మారుతోంది. 2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. నీరు నిలిచేకొద్దీ సరంగులు తరాలుగా గుర్తుపెట్టుకున్న బండలు, మేటలు, రేవులు శాశ్వతంగా మునిగిపోతాయి. ప్రవాహం నెమ్మదించి, గాలికి లేచే అలలు, నీటికింద మునిగిన చెట్లు కొత్త గండాలవుతాయి. ఆ నీటిని ఎవరో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. మీరు పోచవరం రేవులో లాంచీ ఎక్కే రోజున, లంచ్‌లో ఏం పెడతారని అడిగేముందు, నిన్న ఈ దారిలో వెళ్లొచ్చిన సరంగు ఎవరో అడగండి.