కోరంగి రేవు, రెండు ద్వీపాలు

తాళ్లరేవు దగ్గర, గౌతమి నది సముద్రంలో కలిసే చోట, ఒకప్పటి కోరంగి రేవు ఉంది. 1839 నాటి తుపాను ఆ ఊరిని ఊడ్చేసింది. అయినా ఓడలు ఆగలేదు. 1843లో కోరంగి పాకెట్ అనే ఓడ తెలుగు కూలీలను చెరకు తోటల పనికి మారిషస్ చేర్చింది. అక్కడ తెలుగువాళ్లందరికీ ‘కొరింగీ’లనే పేరు స్థిరపడింది. 1849 తర్వాత వచ్చినవాళ్లు పోర్ట్ లూయీ రేవులో 16 రాతి మెట్లెక్కి వలస డిపోలో అడుగుపెట్టేవారు. దీపపు కుందె చుట్టూ తిరుగుతూ చేసే రామభజనం వారి ఇళ్లలో ఇప్పటికీ సాగుతోంది. ఇంత దూరం వచ్చి నిలిచిన సంప్రదాయం నిజంగా అపురూపం.

ఇక ఫిజీ దీవులకు మద్రాసు నుంచి కూలీల ఓడలు 1903లో మొదలయ్యాయి, వాటిలోనూ తెలుగువాళ్లున్నారు.

కోరంగి నుంచి మారిషస్‌కు నేరుగా కొలిస్తే సుమారు 4,900 కిలోమీటర్లు. తెరచాప ఓడకు వారాలు పట్టిన దారి, జెట్ విమానానికి ఆరు గంటలలోపే. మారిషస్ విమానాశ్రయం నుంచి ఫిజీలోని నాందీకి దాదాపు 12,200 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా ఎగిరినా 14 గంటలు. పైగా గడియారాన్ని ఎనిమిది గంటలు ముందుకు తిప్పుకోవాలి.

కోరంగి రేవు మాత్రం పూడిపోయింది. చుట్టూ మడ అడవులు.