వంతెన అను పేరుగల మాంసకృత్తు

మోచేయి ముడిచినప్పుడు ఒక కండరము బిగియుట మనకు కనబడును. దాని ఎదుటి కండరము అదే క్షణమున సడలుటను మనము గమనింపము. వెన్నుపాము పంపు ‘వద్దు’ అను ఆజ్ఞయే ఈ సడలింపునకు మూలము. ముష్టిగింజలలోని స్ట్రిక్నిన్ అను విషము ఈ ఆజ్ఞనే అడ్డగించును. అది తిన్నవాని దేహము విల్లువలె వంగి బిగిసిపోవుట అందువలననే.

1951లో న్యూజీలాండునందు ఎకిల్స్, ఆయన సహచరులు పిల్లి వెన్నుపాములోని నాడీకణమునకు సన్నని గాజుసూది గ్రుచ్చి ఈ నిరోధమును కొలిచిరి. నాడీసంధిని దాటునది విద్యుత్తేయని అంతవరకు వాదించిన ఎకిల్స్, ఆ కొలత చూచి రసాయనవాదుల పక్షమునకు వచ్చెను. ఇట్టి నిజాయితీ శాస్త్రచరిత్రలో అరుదు.

వెన్నుపాములో ఆ రసాయనము గ్లైసీన్ అని తరువాతి దశాబ్దమున తేలినది. దానిని అందుకొను గ్రాహకమును 1982లో జర్మనీలో బెట్స్ బృందము వేరుచేసెను. విచిత్రమేమనగా, అందుకు ఎరగా వాడినది స్ట్రిక్నిన్ నుండి చేసిన పదార్థమే! గ్రాహకముతోపాటు 93,000 డాల్టనుల మాంసకృత్తు ఒకటి వెంటబడి వచ్చినది. అది పిలువని చుట్టమా, ఇంటివాడా? ప్రశ్న చిన్నదికాదు, కల్మషమని పారవేసియున్నచో కథ అచ్చటనే ముగిసెడిది.

అది కణపుపొరకు లోపలివైపున, సరిగా సంధికి ఎదురుగా నుండునని తెలిసినది. 1992లో దాని నిర్మాణక్రమము చదివి, గ్రీకుభాషలో వంతెన అను అర్థమిచ్చు పదమునుండి ‘జెఫిరిన్’ అని పేరిడిరి. మరుసటి యేడు గాజుపాత్రలలో పెంచిన ఎలుక వెన్నుపాము కణములయందు దాని తయారీని నిలిపి చూచిరి. గ్రాహకములు సంధివద్ద గుమిగూడలేదు. చుట్టము కాదు, ఇంటిని నిలిపిన దూలమే!

1998లో జెఫిరిన్ లేకుండ పుట్టించిన చిట్టెలుకలు ఒక్కరోజులోపల మరణించినవి. తాకినంతనే వాటి దేహములు బిగుసుకొనినవి. మాలిబ్డినముతో పనిచేయు ఎంజైములకును ఈ మాంసకృత్తు అవసరమని అప్పుడే రూఢియైనది. ఒకే కూలీకి రెండు కొలువులన్నమాట.

అయితే ఈ గుంపు రాతికట్టడము కాదు. 2003లో పారిస్ పరిశోధకులు పెంపుడుకణములలోని ఒక్కొక్క గ్రాహకమునకు వెలుగు నలుసు తగిలించి వెంబడించిరి. అవి సంధి వెలుపల చురుకుగా తిరుగుచు, లోపలికి వచ్చి మందగించి, మరల వెడలిపోవుచుండెను. మా మట్టుకు, వంతెనకన్న ‘రేవు’ అను పేరే దీనికి ఎక్కువ తగును.