ఆడుబిడ్డకు రుద్రనామము

నేటి నా ప్రసంగము పేళ్లను గూర్చినది. అందును ముఖ్యముగా, పూర్వము పురుషులకు పెట్టుచుండిన పేరును ఆడుబిడ్డకు పెట్టవచ్చునా యను ప్రశ్నను గూర్చినది.

గత శ్రావణమాసమున మా గ్రామములో నొక బారసాలకు నన్ను పిలిచిరి. పళ్లెరమున బియ్యము పఱచి, ఉంగరముతో పేరు వ్రాయవలసిన సమయమున నొక వివాదము పుట్టినది. బిడ్డ ఆడుపిల్ల. తాతగారు రుద్రయ్య గతించి యప్పటికి సంవత్సరమైనను కాలేదు. తండ్రి తన తండ్రిపేరు నిలుపగోరి 'రుద్ర' యని వ్రాయబోయెను. అతనికి అన్నదమ్ములు లేరు. ఈ పిల్ల రెండవ కూతురు. ఇక సంతానము చాలునని దంపతులు నిశ్చయించుకొనిరి. కావున తాతపేరు నిలుచుటయో పోవుటయో ఆ పళ్లెరములోనే తేలవలసి యుండెను. అంతలో బిడ్డతల్లికి మేనమామ యగు పెద్దమనిషి చేయి పట్టుకొని, "ఆడపిల్లకు మగపేరేమిటి అల్లుడూ? రేపు బడిలో నలుగురూ నవ్వరూ?" అనెను. అందఱును నావైపు చూచిరి. ఆనాడు నేను చెప్పిన మాటలనే కొంచెము విస్తరించి మీకు మనవి చేయుచున్నాను.

మొదట శాస్త్రము. నామకరణము పదవదినమున చేయుమని, మగబిడ్డకు రెండక్షరములో నాలుగక్షరములో గల పేరును, ఆడుబిడ్డకు బేసి యక్షరముల పేరును పెట్టుమని ఆపస్తంబ గృహ్యసూత్రము విధించుచున్నది. స్త్రీనామము సుఖముగా పలుకదగినదియు, క్రూరముకానిదియు, అర్థము స్పష్టమైనదియు, మనోహరమును, మంగళకరమును, దీర్ఘాంతమును కావలెనని మనువు చెప్పెను. రుద్రశబ్దమునకు రెండే యక్షరములు. దీర్ఘాంతము కాదు. ఏడిపించువాడని దాని కొక వ్యుత్పత్తియు గలదు. కావున సూత్రమును బట్టి చూచినచో మేనమామగారి మాటయే గెలిచినట్లు తోచును. నేనును ఆ మాట దాచలేదు.

అయితే శాస్త్రము చెప్పినది ఒకటి, మన యాచారము నడచినది మఱొకటి. సీత, ఉమ, గంగ, గౌరి, రమ - ఇవి యన్నియు రెండక్షరముల పేళ్లే. వీనిని వేలయిండ్లలో ఆడుబిడ్డలకు పెట్టితిమి. సూత్రభంగమని యే పురోహితుడును లేచిపోలేదు. ఇక రుద్రశబ్దమునకు దుఃఖమును పాఱద్రోలువాడని రెండవ వ్యుత్పత్తియు పెద్దలు చెప్పియున్నారు. ఒక యర్థమును పట్టుకొని పేరును తోసివేయుట న్యాయము గాదు.

రెండవది వ్యాకరణము. సంస్కృతమున ఆకారాంతములైన స్త్రీలింగశబ్దములు తెలుగున చేరునప్పుడు కడపటి దీర్ఘము హ్రస్వమగును. రమా యనునది రమ యగును. సీతా యనునది సీత యగును. అకారాంత పుంలింగశబ్దములో, డుప్రత్యయమును గైకొని రాముడు, కృష్ణుడు అగును. చిన్నయసూరి 1858 సంవత్సరమున ప్రకటించిన బాలవ్యాకరణము చదివినవారికి ఈ నడక తెలిసినదే. కావున విజయుడనిన పురుషుడు, విజయ యనిన స్త్రీ. కాని పిలుపులో డు జారిపోవును. నేడు పత్రములలోను జారిపోయినది. అది పోయిన పిమ్మట రెండు పేళ్లును నొక్కటే యగును. భారతమున విరాటపర్వములో పాండవులు తమలో తాము పిలుచుకొనుటకు రహస్యనామములు పెట్టుకొనిరి. అందు ధర్మరాజు జయుడు, అర్జునుడు విజయుడు. నేడు జయ, విజయ యనినచో ముందుగా ఆడుపిల్లలే స్ఫురింతురు. దానికి నవ్వువారెవరు?

తెలుగువారి యిండ్లలో నింకొక పద్ధతి చిరకాలముగా నున్నది. వేంకటేశ్వరుని పేర కొడుకు వెంకయ్య, కూతురు వెంకమ్మ. నరసింహుని పేర నరసయ్య, నరసమ్మ. సుబ్రహ్మణ్యుని పేర సుబ్బయ్య, సుబ్బమ్మ. వీరభద్రుని పేర వీరయ్య, వీరమ్మ. దేవుడొక్కడే, మూలశబ్ద మొక్కటే. అయ్య, అమ్మ యను చివరి మాటలే భేదమును తెలుపును. పంజాబుదేశపు సిక్కులలోను ఇట్టి రీతి గలదు. అచట ఒకే పేరు ఇరువురకును చెల్లును. పురుషునకు సింగ్ అనియు, స్త్రీకి కౌర్ అనియు చేర్చుదురు. కావున మగపేళ్లు ఆడుపిల్లలకు పెట్టుట నేటి వింత యనుకొనుట పొరపాటు. మనము నేడు విడిచినవి ఆ చివరి మాటలు మాత్రమే. అవి పోవుటచేత పాతయాచారము క్రొత్తదిగా కనబడుచున్నది.

ఇక చరిత్ర. కాకతీయులలో రుద్రదేవుడు 1163 సంవత్సరమున హనుమకొండలో వేయిస్తంభముల గుడిని కట్టించెను. అతని తమ్ముడు మహాదేవుడు. మహాదేవుని కొడుకు గణపతిదేవుడు 1199 మొదలు అఱువదియేండ్లకు పైగా రాజ్యము చేసెను. ఆ మహారాజునకు కొడుకులు లేరు. కూతుండ్రు కలరు. ఒక కూతురు పేరు గణపాంబ. ఆమెను ధరణికోట నేలిన కోటవంశపు బేతరాజున కిచ్చిరి. మఱొక కూతురు రుద్రమ. ఈ పేళ్లను గమనింపుడు. గణపాంబ పేరు తండ్రిపేరే. రుద్రమ పేరు పెదతాతయగు రుద్రదేవుని పేరే. అంతటి చక్రవర్తి తన వంశములోని పురుషనామములను నిస్సంకోచముగా కూతుండ్ర కిచ్చినాడు.

రుద్రమను శాసనములు పలుచోట్ల రుద్రదేవ మహారాజని పుంలింగముననే పేర్కొనుచున్నవి. ఆమె ఆడుదన్న సంగతిని లోకమునకు దాచి పెంచిరని జనులు కథ చెప్పుకొందురు. కాని తండ్రి బ్రతికియుండగనే, 1261 నాటి మల్కాపుర శాసనములో ఆమె గణపతిదేవుని కూతురుగానే కనబడుచు, విశ్వేశ్వర శివాచార్యునకు గ్రామదానము చేయుచున్నది. నిడదవోలు చాళుక్యుడగు వీరభద్రుని ఆమె పెండ్లాడెను. బిడ్డలను కనెను. దాచుట కేమున్నది? పురుషనామము ఆమె స్త్రీత్వమును కప్పుటకు కాదనియు, ఆమె సింహాసనమున కర్హురాలని చెప్పుటకే యనియు నాకు తోచుచున్నది. 1289 నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును తెలుపుచున్నది. ఆమె తరువాత కూతురి కొడుకు రాజయ్యెను. అతడే 1323 వఱకు నోరుగల్లు నేలిన ప్రతాపరుద్రుడు. చూచితిరా! రుద్రనామము పురుషునినుండి స్త్రీకి వచ్చి, స్త్రీనుండి మరల పురుషునకు చేరినది. నడుమ ఆమె లేకున్నచో ఆ పేరు ఆ వంశమున ఎవరి చేతిమీదుగా దిగివచ్చెడిది?

ఇందొక సూక్ష్మము కలదు. రుద్రశబ్దమునకు పాణిని చెప్పిన స్త్రీరూపము రుద్రాణి. దాని యర్థము రుద్రుని భార్య యని. రుద్రమ యనునది అట్లు కాదు. ఆమె యెవరి భార్యయో ఆ పేరు చెప్పదు. ఆ పేరు ఆమెదే. పైగా రుద్రమ యనిన మూడక్షరములు, బేసిసంఖ్య. సూత్రకారుడును తప్పు పట్టజాలడు.

ఇంత చెప్పినవాడు ఒక తప్పును గూడ ఒప్పుకొనవలెను. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో నొక రైతు తన కూతును ఒకటవ తరగతిలో చేర్పింప వచ్చెను. పేరేమనగా 'శివ' యనెను. అది అతని తండ్రి పేరు. నేను పాండిత్యగర్వముతో, ఆడుపిల్ల కది చెల్లదని, అతని నడుగకయే హాజరుపట్టీలో 'శివాని' యని వ్రాసితిని. తాతపేరు కాస్త శివుని భార్య పేరయ్యెను. ఆ రైతు చదువు రానివాడు. తలయూపి వెళ్లిపోయెను. పదవ తరగతి పరీక్షవేళకు ఇంటి పత్రములలో నొక పేరును, బడి పత్రములలో నొక పేరును తేలినది. ఆ తండ్రి కూలి మానుకొని కచేరీల చుట్టు నెలలతరబడి తిరిగెను. కడపట ఆ పిల్ల నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, మా నాన్న పెట్టిన పేరు మీరెందుకు మార్చారు?" అని యడిగెను. నాకు బదులు దొరకలేదు. నేటికిని దొరకలేదు. నవ్వుదురని మనము భయపడుదుము. ఆనాడు ఆ పేరునకు ఎవ్వరును నవ్వలేదు. దానిని చెఱచినవాడను నేనే.

కావున పెద్దలకు నా మనవి యిది. పురుషనామ మని యొక్కమాటతో ఆడుబిడ్డకు పేరు కాదనకుడు. అర్థము మంచిదా, పిలుచుటకు సుఖముగా నున్నదా, ఇంటివారికి దానితో సంబంధము గలదా యని మాత్రము విచారింపుడు. నిశ్చయించిన పిమ్మట ఆ పేరును అక్షరము మార్చక అన్నిచోట్ల నొక్కతీరుగ వ్రాయింపుడు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ననుసరించి పుట్టుకను 21 దినములలో తెలుపవలెను. అప్పటికి పేరు కుదరకున్నచో 12 నెలలలోపల రుసుము లేకయే చేర్పింపవచ్చును. పిదప 15 సంవత్సరముల వఱకు రుసుముతో చేర్పింపవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టిన పిల్లలకు బడిలో చేర్చుట మున్నగు పనులకు జననపత్రమే ఆధారము. ఆ పత్రములోని పేరును నావంటి పంతులు మార్పకుండ మీరు కావలియుండుడు.

ఆ బారసాల యేమయ్యెనని మీరడుగుదురు. నా మాటలు ముగిసినను మేనమామగారు ఇంకను చేయి విడువలేదు. అప్పుడు రుద్రయ్యగారి భార్య, ఆ ముసలియమ్మ, గోడప్రక్కనుండి లేచి వచ్చినది. "ఇన్నేళ్ల కాపురంలో ఆయన పేరు ఒక్కనాడూ నా నోటితో పలకలేదు. ఇప్పుడైనా పలకనివ్వండి" అనినది. మేనమామగారు చేయి తీసివేసిరి. తండ్రి బియ్యములో 'రుద్రమ' యని వ్రాసెను. ఆ యమ్మ బిడ్డను ఒడిలోనికి తీసికొని, చెవిదగ్గఱ నోరుంచి, మూడుమార్లు ఆ పేరు పిలిచినది. మూడవమాఱు ఆమె కంఠము తడబడలేదు.

సెలవు.