అక్రాయిడ్‌ని చంపిందెవరు? దయచేసి గూగుల్ చేయొద్దు!

షెర్లాక్ హోమ్స్ కథలన్నీ అయిపోయాయి, తర్వాత ఏం చదవాలి అనేవాళ్లకి నేను చెప్పే పేరు ఒక్కటే. అగాథా క్రిస్టీ రాసిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్'. 1925లో లండన్ 'ఈవెనింగ్ న్యూస్'లో సీరియల్‌గా వచ్చింది, 1926లో పుస్తకమైంది.

ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు. డిటెక్టివ్ పొయిరో రిటైరై అక్కడ కూరగాయలు పండించుకుంటున్నాడు. ఊళ్లో డబ్బున్న పెద్దమనిషి అక్రాయిడ్‌ని ఒక రాత్రి తన గదిలోనే ఎవరో కత్తితో పొడిచేశారు. ఇక్కడిదాకా మామూలే. గొడవంతా చివరి పేజీలతో వచ్చింది. హంతకుడెవరో తెలిశాక కొందరు పాఠకులకి కోపం నషాళానికెక్కింది.

ఎందుకంటే డిటెక్టివ్ నవల అంటే రచయితకీ, చదివేవాళ్లకీ మధ్య ఒక ఆట. క్లూలన్నీ మన కళ్లముందే ఉండాలి, మనమూ కనిపెట్టగలిగేలా ఉండాలి. క్రిస్టీ తొండి ఆడిందని వాళ్ల ఫిర్యాదు. తోటి రచయిత్రి డొరొతీ సేయర్స్ మాత్రం ఆవిడ పక్షాన నిలబడింది. అందరినీ అనుమానించడం చదివేవాళ్ల పనే కదా అంది.

అప్పట్లో ఈ తొండి ఎంత సీరియస్ విషయమో చూడండి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ ఫాదర్ ఏకంగా పది రూల్స్ రాసి పెట్టాడు. దెయ్యాలు, మాయలు కుదరవు. రహస్య మార్గం ఒకటికి మించకూడదు. డిటెక్టివే హంతకుడు కాకూడదు. కవలల్ని ఉన్నట్టుండి దింపకూడదు (మన సినిమావాళ్లు కాస్త వినాలి!). 1930లో రచయితలు 'డిటెక్షన్ క్లబ్' పెట్టుకుని, పాఠకుల్ని మోసం చేయమని ప్రమాణాలు కూడా చేశారు. 1957 నుంచి ఆ క్లబ్‌కి ప్రెసిడెంట్ ఎవరనుకున్నారు? తొండి ఆడిందన్న క్రిస్టీయే!

మొదటిసారి చదివినప్పుడు నాకూ ఒళ్లు మండింది. వెంటనే వెనక్కి తిరగేశాను, ఎక్కడ అబద్ధం చెప్పిందో పట్టుకుందామని. దొరకలేదు. అన్నీ అక్కడే ఉన్నాయి, నేనే గబగబా దాటేశాను. 2013లో బ్రిటన్ క్రైమ్ రైటర్స్ అసోసియేషన్‌లోని రచయితలు ఓట్లేసి, క్రైమ్ నవలలన్నిట్లో దీన్నే బెస్ట్ అన్నారు.

అందుకే చదివేటప్పుడు ఫోన్ పక్కన పెట్టేయండి. వికీపీడియా రెండు లైన్లలో మొత్తం చెప్పేస్తుంది. అయిపోయాక 1939 నాటి 'అండ్ దెన్ దేర్ వర్ నన్' పట్టుకోండి. చదివినవాళ్లు చదవనివాళ్ల ముందు నోరు విప్పొద్దు ప్లీజ్. నా రూమ్మేట్ ఒకడు 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' చివర టిఫిన్ తింటూ చెప్పేశాడు. వాణ్ణి నేనింకా క్షమించలేదు.